తాలు కాయల మేర

వార్త చెప్పిన గొంతులో ఏడుపు కన్నా ముందు ఒక ప్రశ్న వినిపించింది.

"డాక్టరమ్మ పోయినారు సార్," అంది ఆసుపత్రి నర్సు ఫోనులో. "తెల్లార్జామున, నిద్దట్లోనే." ఆ వెంటనే అడిగింది: "బయట జనం కూసోనుండారు. జరాలోళ్ళు, కట్లు మార్చుకునేవాళ్ళు. ఈపొద్దు చూసేది ఉండాదా ల్యాదా అని అడుగుతాండారు. ఏం చెప్పల్ల?"

నేను హైదరాబాదులో ఉన్నాను. "ఆమె ఉంటే ఏం చెప్పేవారమ్మా?" అని అడిగాను.

"సచ్చింది నేను కదా, మీరేల బయట కూసున్నారు, లోపలికి రాండి అనేది." అప్పుడు ఏడ్చింది.

ఆ రోజు ఆసుపత్రి తలుపు మూయలేదు. పెనుకొండ నుంచి వచ్చిపోతుండే యువ వైద్యుడు పిలవకుండానే వచ్చి ముందు గదిలో జ్వరాలు చూశాడు. నర్సు కళ్ళు తుడుచుకుంటూనే కట్లు మార్చింది. వెనక గదిలో ఆమె దేహం ఉంది. మందులు తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టే ఆ గదిలోకి వెళ్ళి, దండం పెట్టుకుని, వెనక వాకిలి గుండా బయటికి నడిచారు. సాయంత్రం నేను చేరేటప్పటికి వరస ఇంకా కదులుతూనే ఉంది. అందులో ఎవరు రోగులో, ఎవరు చివరి చూపుకు వచ్చినవాళ్ళో పోల్చుకోలేకపోయాను.

ఆమెను ఎరగని పాఠకుల కోసం కొంత చెప్పాలి. సోమందేపల్లె దగ్గర పెద్ద రోడ్డు వదిలి, రాళ్ళగుట్టల మధ్య నుంచి లోపలికి పోయే దారిలో ఒక ఊరు ఉంది. ప్రభుత్వ వైద్యురాలిగా ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, పదవీ విరమణకు ఇంకా గడువుండగానే ఉద్యోగం వదిలి, ఆమె ఆ ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రి పెట్టారు. చుట్టూ ఉన్న పది పన్నెండు ఊళ్ళకు అదే దిక్కు. తొంభయ్యో దశకం చివర్లో నేను అక్కడ ఆమె కింద పని నేర్చుకున్నాను. తర్వాత చికిత్స చేయడం మాని, ప్రజల వైద్యానికి ప్రభుత్వాలు డబ్బు ఎలా సమకూర్చాలన్న విషయాన్ని చదువుకుని, అదే నా వృత్తి చేసుకున్నాను. అప్పటినుంచి ఆమె పోయేదాకా మా ఇద్దరి మధ్య ఒకే తగువు. అందరికీ అన్ని జబ్బులకూ ఒకే ఖజానా నుంచి, ఒకే వాకిట్లో వైద్యం అందాలన్నది ఆమె పట్టు. అది ఒక్క అంగలో రాజకీయంగా సాధ్యపడదు, మెట్టు మెట్టుగా పోవాలన్నది నా వాదం. ఈ తగువులో ఎవరు గెలిచారో చెప్పడానికి కాదు ఇది రాయడం. ఆమె ఎలా వాదించేవారో గుర్తుండగానే రాసిపెట్టాలని.

నేను చేరిన ఏడాది కార్తీకంలో ఒకరోజు, ఓపీ ముగిశాక, ఆమె ఒక గోనెసంచి నా చేతికిచ్చి, "రాప్పా, కల్లానికి పోదాం," అన్నారు. రోగిని చూడటానికేమో అనుకున్నాను. వెళ్ళింది మేర కోసం.

పంట ఇంటికి చేరకముందే, కల్లం దగ్గరే, ఊరి కమ్మరికీ వడ్రంగికీ కుమ్మరికీ కొలిచి ఇచ్చే వాటాను మా వైపు మేర అంటారు. ఏడాదికి ఒకసారి ఇస్తారు. ఆ ఏడాదంతా పని ఉచితం. ఆమె తాత కమ్మరి. కొలిమి పక్కన పెరిగిన ఆ పిల్ల డాక్టరై, తన ఆసుపత్రికీ అదే పద్ధతి పెట్టుకుంది. పొయ్యి వెలిగే ప్రతి ఇల్లూ వేరుశనగ నూర్చిన రోజున తన పంటను బట్టి ఇంత అని ఇస్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి ఏం వచ్చినా, ఎన్నిసార్లు వచ్చినా, చీటీకి డబ్బు లేదు, సూదికి డబ్బు లేదు.

"మా తాత ఎవురి నాగలి కర్రు ఎన్నిసార్లు సాగదీసినాడో ఎప్పుడూ లెక్కబెట్టలా," అన్నారు ఆమె దారిలో. "కర్రు మొద్దుబారిందా, తెచ్చుకో. అంతే. నీకు పది ఎకరాలుండాయా, ఒక ఎకరమా అని కొలిమి అడగదు కదప్పా."

"ఆ పద్ధతిలో అవమానం కూడా ఉండేది కదా మేడం," అన్నాను. మేర పుచ్చుకునేవాళ్ళు కల్లం అంచున చేతులు కట్టుకుని నిలబడటం నేను చిన్నప్పుడు చూశాను.

"ఉండేది. మా తాత వంగి నిలబడినాడు. ఆ వంగేది వదిలేసినా. కొలిచేది పెట్టుకున్నా." అని, ఆ కల్లంలోకి నిటారుగా నడిచి వెళ్ళి, రాశి ముందు సంచి మూతి తెరిచి నిలబడ్డారు. అడగలేదు. కల్లం దగ్గరికి రానివాళ్ళకు మేర లేదన్నది ఆచారం. వచ్చి నిలబడటమే అడగడం.

ఆ కల్లం ఊళ్ళో బోరుబావులున్న పెద్ద రైతుది. మంచివాడే, కాస్త గొప్ప చూపుకునే అలవాటుంది. ఆసుపత్రికి వచ్చినప్పుడు కారు నేరుగా మెట్ల దాకా తెచ్చి, వరస దాటుకుని లోపలికి తొంగి చూసేవాడు. ఆమె తల ఎత్తకుండానే, "ఏమప్పా పెద్దరైతూ, వరస ఆడ ఉండాది చూడు," అనేవారు. "కాదమ్మా, తలనొప్పి..." అని ఆయన గొణిగితే, "నీ తలా నొప్పే, ఆయప్ప తలా నొప్పే. ఆయప్పది పొద్దున్నుంచి నొస్తాంది," అని ముందున్న కాపరిని చూపేవారు. వరస నవ్వేది. ఆయనా నవ్వి, వెనక్కి పోయి నిలబడేవాడు. ఇది నియమమని ఆమె ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆమెకే రక్తపోటు చూపించుకోవలసి వచ్చిన రోజుల్లో తానూ చీర కొంగు సర్దుకుని వరసలోకి వెళ్ళి నిలబడేవారు. నేను సిగ్గుపడి పక్క గుమ్మం నుంచి రమ్మంటే, "నేను నిలబడితేనే కదా, ఈడ నీడ ల్యాదని నాకు తెలిసేది," అన్నారు. మరుసటి వారం అక్కడ పందిరి వేయించారు. బలమున్నవాళ్ళు నిలబడని వరస ఎప్పటికీ బాగుపడదన్న సూత్రాన్ని నేను తర్వాత చాలా పుస్తకాల్లో చదివాను. మొదట చూసింది ఆ పందిరి కిందే.

జాగ్రత్తగా చెప్పాలంటే, మేర ఒక్కటే ఆసుపత్రిని నడపలేదు. తక్కువ పడినదాన్ని ఆమె పింఛనూ, కొందరు మిత్రులూ పూడ్చేవారు. కోత పెట్టవలసిన జబ్బులను జిల్లా ఆసుపత్రికి పంపేవాళ్ళం. ఇది ఒక రాష్ట్రానికి నమూనా అని ఆమె ఎన్నడూ అనలేదు. "నమూనా కాదప్పా, రుజువు," అనేవారు. "జనం ఒప్పుకోరు అంటావు కదా. ఒప్పుకున్నారని రుజువు."

రెండువేల రెండు ప్రాంతాల కరువు చాలామందికి గుర్తుండే ఉంటుంది. విత్తనం వేశాక వాన మొహం చాటేసింది. మెట్ట చేలల్లో చెట్టు పీకితే వేరుకు వేలాడింది తాలు కాయలే. పైన డొల్ల, లోపల గింజ లేదు. ఆ సంవత్సరం ఊరి పెద్దలు కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నారు. ప్రతిపాదించింది పెద్ద రైతే. దయతోనే ప్రతిపాదించాడు: "పండనోళ్ళ కాడ ఈ ఏడు మేర తీసుకునేది వద్దమ్మా. బోర్లున్నోళ్ళం మేమిస్తాం కదా. వాళ్ళకి ఉత్తగానే చూడు." సబబుగానే తోచింది. అందరూ తలలూపారు. తర్వాత నేను చదివిన చదువు ప్రకారం కూడా అది సరైన పనే. పేదలకు మినహాయింపు అన్నది మా శాస్త్రంలో మొదటి పాఠం.

సంక్రాంతి దాటేసరికి వరస సగమైంది. జబ్బులు తగ్గాయా అని మేము ఆశ్చర్యపోయాం. అంతలో ఒక మధ్యాహ్నం, గొర్రెలూ కాస్త మెట్ట చేనూ ఉన్న ఒకాయన తన భార్యను ఎద్దులబండి మీద తెచ్చాడు. పాదంలో తుమ్మ ముల్లు దిగి వారాలైంది. కాలు మోకాలి దాకా వాచి ఉంది.

"ఏం తల్లీ, ముల్లు దిగిన నాడు రాకుండా ఏం చేస్తాంటివి?" డాక్టరమ్మ గద్దించారు.

"యాడికొచ్చేదమ్మా?" అంది ఆ మనిషి, నొప్పిలో కూడా సిగ్గుపడుతూ. "మేమేమన్నా మేర పెట్టినామా? మాది తీసుకోలేదు కదా ఈ ఏడు. పెట్టకుండా ఏ మొగం పెట్టుకోని వచ్చేది? ఆ పెద్దరైతు కాయలతో నేను సూది ఏపిచ్చుకునేదా?"

కాలు నిలిచింది. రెండు వేళ్ళు నిలవలేదు.

మర్నాడు ఉదయం ఓపీ నాకు అప్పగించి ఆమె సంచి తీసుకుని బయల్దేరారు. ఆ గొర్రెల కాపరి కల్లంలో పంట లేదు. పశువుల మేతకు దాచిన ఎండు వేరుశనగ కట్టె కుప్ప, దాని అడుగున తాలు. ఆమె సంచి తెరిచి నిలబడ్డారట. "ఏమేసేదమ్మా? తాలు తప్ప ఏం ల్యా," అన్నాడట ఆయన. "తాలే ఎయ్యి." ఆయన పిడికెడు వేశాడు. అక్కడినుంచి పక్క చేనుకు, అక్కడినుంచి మరో ఊరికి. వారం రోజులు అలా తిరిగి, మేర పెట్టని ఇల్లంటూ లేకుండా చేసి వచ్చారు. దారిలో పెద్ద రైతు ఎదురై, సంచిలో చెయ్యి పెట్టి చూసి నవ్వాడు.

"ఏం డాక్టరమ్మా, ఈ తాలు అమ్మి మాత్రలు కొంటావా?"

"మాత్రలకి నీ కాయలుండాయి కదప్పా. ఇది ఆయమ్మ నా గడప తొక్కేదానికి."

మళ్ళీ వరస నిండింది. ఆ తాలును ఆమె పారబోయనివ్వలేదు. మంచి కాయలతో కలిపి, ఒకే సంచిలో, మందుల గది మూల ఉంచారు.

ఆ రోజుల్లోనే నేను పై చదువుకు వెళ్ళాను. తిరిగొచ్చి ప్రభుత్వ ప్రణాళికల్లో పనిచేస్తున్నప్పుడు కూడా, వీలు దొరికితే ఆ ఊరు పోయేవాణ్ణి. ఓపీ ముగిశాక పందిరి కింద కూర్చునేవాళ్ళం. ఆమె ముందు వేయించిన కాయల పళ్ళెం ఉండేది. వాదన వేడెక్కేకొద్దీ కాయలు ఒలిచే వేగం పెరిగేది. ఒలిచిన గింజలన్నీ నావైపు నెట్టి, పొట్టు తనవైపు ఉంచుకునేవారు. ఎంత తిట్టినా గింజలు మాత్రం నాకే.

నేను ఓపికగా చెప్పేవాణ్ణి. అందరికీ అన్నీ అంటే ఖజానాకు తలకు మించిన భారం. పన్ను కట్టేవాళ్ళు ఒప్పుకోవాలి, ప్రైవేటు వైద్యులు ఒప్పుకోవాలి, సొంత ఆసుపత్రులున్న ఉద్యోగులు తమది వదులుకోవాలి. గుంతకల్లు రైల్వే కార్మికుణ్ణి అడగండి, మా వైద్యం మాకుంది, మళ్ళీ అందరితో ఎందుకంటాడు. ఒక్కసారిగా ఎత్తుకుంటే అందరూ ఏకమై పడగొడతారు. పడిందంటే మరో పదేళ్ళు ఎవరూ ఆ ఊసెత్తరు. అదే ముందు నిరుపేదలకు, ముందు ప్రాణాంతకమైన జబ్బులకు అంటే, కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

"సరే. రెండో మెట్టు ఎవురు కడతారు?" అని అడిగారు ఒకసారి.

"మొదటిది నిలబడితే..."

"మొదటిది నిలబడితే దాని మీద అంగళ్ళు పెడతారప్పా. ఆ అంగళ్ళోళ్ళే రెండో మెట్టు కట్టనీరు. ఇంగొకటి. బలమున్నోణ్ణి బయటికి పంపిచ్చి, ల్యానోళ్ళకి వేరే వాకిలి పెడితే, ఆ వాకిలి విరిగిన నాడు అరిచేదెవురు? కాలి వేళ్ళు పోగొట్టుకోని కూడా మొగం దాచుకున్నాది చూడు, ఆయమ్మ అరుస్తాదా?"

"అయినా ఇప్పుడున్న రాజకీయంలో సాధ్యమయ్యేది..."

"సాధ్యం, సాధ్యం!" పొట్టు పళ్ళెంలో విసిరికొట్టారు. "సాధ్యమనేది వాన మాదిరి పైనుంచి పడేదా? బోరు మాదిరప్పా. తవ్వితేనే పడేది."

నేను ఒక గింజ నోట్లో వేసుకుని, "ఈ జిల్లాలో బోర్లు తవ్వి దివాలా తీసినవాళ్ళు ఎంతమంది మేడం?" అన్నాను.

ఆమె నన్ను చూసి, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "ఈ దెబ్బ నీదేలేప్పా," అన్నారు. లేచి పోతూ గుమ్మం దగ్గర తిరిగి, "అయినా తవ్వేది నిలిపినారా?" అన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్య బీమా పథకం తెచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు, పట్టీలో ఉన్న పెద్ద జబ్బులకు, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఉచితంగా శస్త్రచికిత్స. నేను ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చిన మొదటి మెట్టు అది. సోమందేపల్లెలో దాని గురించి వివరించే సభకు నన్నూ పిలిచారు. నేను మాట్లాడి కూర్చోగానే, జనం మధ్యలో నుంచి ఆమె లేచారు.

"బాగా చెప్పినావప్పా. జరమొస్తే ఆ పట్టీలో ఉండాదా?"

"లేదు మేడం."

"తేలు కుడితే?"

"లేదు మేడం."

"ముల్లు దిగితే?"

జనం నవ్వడం మొదలుపెట్టారు. "అది కాలు తీసేదాకా వస్తే అప్పుడుంటాదేమోలేమ్మా," అని ఎవరో అరిచారు. నవ్వులు మిన్నుముట్టాయి. వేదిక మీది అధికారి గుక్కెడు నీళ్ళు తాగి, "అమ్మా, అన్నీ ఒకేసారి సాధ్యం కాదు కదా," అన్నారు మర్యాదగానే.

"నేను సాధ్యమా కాదా అని అడగల్యా సామీ. అడిగేది మానుకోమని మాత్రం చెప్పొద్దండి."

సభ ముగిశాక, ధర్మవరం నుంచి వచ్చిన ఒక నేతగాడు తన కూతుర్ని తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. నాలుగడుగులు వేస్తే పిల్ల పెదాలు నీలబడుతున్నాయి. ఆమె రోడ్డు పక్కన బల్ల మీద కూర్చోబెట్టి గుండె విన్నారు. చాలాసేపు విన్నారు. తర్వాత నన్ను పిలిచి, "రాసుకోప్పా. ఇది మీ పట్టీలో ఉండాది. రేపే పంపిచ్చల్ల," అన్నారు.

"ఇంతసేపూ మమ్మల్ని ఉతికినారు కదా మేడం."

"ఉతికినా. మళ్ళా ఉతుకుతా. దానికని బిడ్డని ఆపుతానా?" స్టెతస్కోపు సంచిలో పెట్టుకుంటూ అన్నారు: "ఇచ్చింది తీసుకుందాం. చాలు అని మాత్రం అనం."

నేను మెట్ల గురించి చదివిన దేనిలోనూ ఈ మాట లేదు. మెట్టు ఎక్కినవాళ్ళు అక్కడే కూర్చుండిపోతారని ఆమె భయం. ఎత్తు చూసి ఎవరూ ఎక్కరని నాది. ఆ రెండు భయాలకూ ఆమె ఆ ఒక్క వాక్యంలో చోటిచ్చారు.

పిల్లకు శస్త్రచికిత్స జరిగింది. బతికింది. ఆ పథకమే లేకపోతే బతికేది కాదు. ఈ మాట నేను అన్నదానికన్నా ఎక్కువసార్లు ఆమే అన్నారు. కొన్ని నెలలకు అదే పిల్లకు మామూలు జ్వరం వస్తే, కార్డు పనికిరాక, తండ్రి బస్సెక్కించి ఈ ఊరే తెచ్చాడు. చేను లేనివాడు మేర ఏం పెడతాడు? మగ్గం మీద చీర కోసేశాక మిగిలిన పట్టు పోగుల్ని పేని, ఎర్రని తాడు ఒకటి చేసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ తాడుతో మేర సంచి మూతి కట్టారు. మాసిన గోనెసంచికి ధర్మవరం పట్టు ముడి. చూసినవాళ్ళంతా నవ్వేవాళ్ళు. "పెండ్లికూతురు మాదిరి ఉండాది కదప్పా," అని ఆమే ముందు నవ్వేవారు.

ఆమె భయపడిందీ జరిగింది. కార్డులు వచ్చాక మేర పల్చబడింది. పోయిన ఏడు కార్తీకంలో నేను ఆమె వెంట పెద్ద రైతు కల్లానికి వెళ్ళాను. అప్పటికే ఆమె నడక నెమ్మదించింది. ఆయన నొచ్చుకుంటూనే చెప్పాడు: "ఇంగ మేర యాలమ్మా? ల్యానోళ్ళకి కార్డులొచ్చినాయి. మాకా, కారెక్కితే బెంగుళూరు. నువ్వూ పెద్దదానివైనావు, గమ్మున ఇంట్లో కూసోరాదా?"

ఆమె మాత్రం, ఆయన రాశి కొలిచి, బస్తాలకెత్తి, చివరి బస్తా కుట్టేదాకా సంచి మూతి తెరుచుకుని నిలబడ్డారు. తర్వాత ఖాళీ సంచికి ఎర్రని ముడి వేసి భుజాన వేసుకున్నారు. నాకు ఆ నడక చూడటం కష్టమైంది.

"వచ్చే ఏడు కూడా ఇవ్వడు మేడం," అన్నాను.

"ఇయ్యకుండేది ఆయప్ప ఇష్టం. పోయి నిలబడేది నాది."

ఆ చలికాలంలో ఆయనకు తీవ్రంగా జ్వరం వచ్చి, బెంగళూరు దాకా పోలేక, కారు మెట్ల దగ్గర ఆపాడట. లోపలికి తొంగి చూడలేదట. "మేర పెట్టలేదు కదమ్మా..." అని నసిగితే, ఆమె తల ఎత్తకుండా, "నిన్ను రావద్దన్నదెవురు? వరస ఆడ ఉండాది చూడు," అన్నారని నర్సు చెప్పింది.

ఈ ఏడు కూడా వాన ముఖం చూపించి పోయింది. ఆమె పోయింది సరిగ్గా కల్లాలు సిద్ధమవుతున్న రోజుల్లో. మర్నాడు దహనమయ్యాక ఆసుపత్రి ముందు పందిరి కింద కూర్చున్నాం. అందరి మనసులోనూ ఉన్నది ఒకటే: ఈ వాకిలి తెరిచి ఉంటుందా? యువ వైద్యుడు తాను వస్తూనే ఉంటానన్నాడు. కానీ మేర రాకపోతే, మేర పెట్టామన్న హక్కుతో జనం రాకపోతే, అది మరొక ధర్మాసుపత్రి అవుతుంది. ధర్మం చేసేవాళ్ళు అలిసిన రోజున మూతపడుతుంది. ఆమె పేర ఏదైనా కట్టిద్దామా అని ఒకరు, ఫోటో పెడదామా అని ఒకరు అంటున్నారు. ఇంతలో ఆ కాపరి భార్య, రెండు వేళ్ళు లేని పాదంతో మెల్లగా మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె భుజాన సంచి ఉంది.

"యాడికి?" అన్నారు ఎవరో.

"కల్లాలు ఎవురి కోసమూ ఆగవు కదన్నా," అంది.

నేనూ లేచాను. నర్సూ వచ్చింది. ముగ్గురం నడిచి వెళ్ళింది పెద్ద రైతు కల్లానికి. బోర్లు కూడా సగం ఎండిపోయి, ఈసారి ఆయన రాశీ చిన్నదే. కూలీలు చేటలెత్తి తూర్పారబడుతున్నారు. కాపరి భార్య రాశి ముందు నిటారుగా నిలబడి, ఎర్రని ముడి విప్పి, తాడును పళ్ళ మధ్య పట్టుకుని, సంచి మూతి తెరిచింది.

పెద్ద రైతు సంచి వైపు చూశాడు. "డాక్టరమ్మ ల్యాదు కదమ్మా," అన్నాడు. "ఇంగ ఎవురికి మేర?"

తాడు నోట్లో ఉండటంతో ఆమె జవాబు చెప్పలేదు. చెప్పింది నర్సు: "నిన్న వరస చూడలేదా పెద్దన్నా? వాకిలి తెరిచే ఉండాది."

ఆయన వెనక్కి తిరిగి కూలీల వైపు వెళ్ళిపోయాడు. మేము నిలబడ్డాం. చుట్టుపక్కల చిన్న కల్లాలవాళ్ళు మమ్మల్ని చూశారు. మొదట ఒక ముసలాయన వచ్చాడు. గుప్పిట తెరిస్తే తాలు. సంచిలో వేసి, అరచెయ్యి పంచెకు తుడుచుకుని పోయాడు. తర్వాత ఒక కోడలు, కొంగులో కాసిన్ని తెచ్చింది. తర్వాత ఇద్దరు. తర్వాత ఎవరూ చెప్పకుండానే, అలవాటు కొద్దీ, వాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. తాలు కాయలకు బరువుండదు. సంచిలో పడేటప్పుడు ఎండుటాకుల్లా గలగలమన్నాయి. గాలికి కొన్ని ఎగిరిపోతే, వేసినవాళ్ళే వంగి ఏరి మళ్ళీ వేశారు.

పొద్దు గుట్టల వెనక్కి వాలుతోంది. నేను తల తిప్పి చూసేసరికి, నిండుగా కాయలున్న చేట రెండు చేతులా పట్టుకుని, పెద్ద రైతు వస్తున్నాడు. నేరుగా మా ముందుకు రాలేదు. ఆ పిడికిళ్ళవాళ్ళందరినీ దాటి వెనక్కి నడిచి, అందరికన్నా చివర ఉన్న, పాత చెప్పులు తొడుక్కున్న ఒక మనిషి వెనక, చేట గుండెలకు ఆనించుకుని వరసలో నిలబడ్డాడు.